పరగ్రహ పరికరాలకు భూమి మీద పరీక్ష: ఎడారి, ధ్రువం, హైదరాబాద్ ఆకాశం

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• ఇతర గ్రహాలకు పంపే పరికరాలను ఎడారుల్లో, ధ్రువప్రాంతాల్లో ఎందుకు పరీక్షిస్తారో వివరించగలుగుతారు.
• భూమి మీది ఒక ప్రదేశం ఏ విషయంలో మరో గ్రహాన్ని పోలి ఉంటుందో, ఏ విషయంలో పోలదో వేరుచేసి చెప్పగలుగుతారు.
• పరికరం "లేదు" అన్నా, "ఉంది" అన్నా ఆ మాటను ఎంతవరకు నమ్మాలో విచారించగలుగుతారు.
• హైదరాబాద్ నుంచి జరిగిన బెలూన్ ప్రయోగాన్ని ఈ దృష్టితో విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

శంషాబాద్ నుంచి బయలుదేరిన విమానం పదకొండు కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి కిటికీ అద్దానికి అవతల ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. అదే ఆకాశంలో 17 కిలోమీటర్ల ఎత్తుకు పోతే అది మైనస్ 80 డిగ్రీల దాకా పడిపోతుంది. కింద మే నెల ఎండ 40 డిగ్రీలు కాస్తున్న రోజున కూడా పైన ఆ చలి తప్పదు. ధ్రువప్రాంతపు చలి మన నెత్తి మీదే ఉందన్నమాట. మరి శాస్త్రజ్ఞులు ఎంతో ఖర్చుపెట్టి, ప్రాణాలకు తెగించి ఎడారులకూ మంచుఖండానికీ ఎందుకు వెళ్తున్నారు?

దీనికి జవాబు చెప్పాలంటే ముందు ఒక విషయం గమనించాలి. అంగారకుడి మీద దిగిన పరికరాన్ని బాగుచేయడానికి అక్కడ మనిషి ఉండడు. అక్కడి నుంచి రేడియో సంకేతం మనకు చేరడానికి, గ్రహాల మధ్య దూరాన్ని బట్టి, సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. పరికరం పాడైపోవడం ఒక ప్రమాదం. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. పరికరం చక్కగా పనిచేస్తూనే తప్పు జవాబు చెప్పవచ్చు. పాడైన పరికరం మూగబోతుంది కాబట్టి మనకు తెలిసిపోతుంది. తప్పు చెప్పే పరికరం మాట్లాడుతూనే ఉంటుంది, మనం నమ్ముతూనే ఉంటాం. ఎడారుల్లో, ధ్రువాల్లో జరిపే పరీక్షలు ముఖ్యంగా ఈ రెండో ప్రమాదం కోసం.

2. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం

పరగ్రహ పరిస్థితులను ఏదో ఒక విషయంలో పోలిన భూమి మీది స్థలాన్ని సాదృశ్య ప్రదేశం అంటారు. దీన్ని అర్థం చేసుకోవడానికి మీరు పాఠశాలలో చదివిన ఉపమాలంకారం చాలు. "ముఖం చంద్రబింబంలా మనోహరంగా ఉంది" అన్నప్పుడు ముఖం ఉపమేయం, చంద్రబింబం ఉపమానం, మనోహరత్వం సమానధర్మం. చంద్రుడి మీద గుంటలున్నాయి కదా అని ఎవరూ ఆ ముఖంలో గుంటలు వెతకరు. పోలిక ఆ ఒక్క ధర్మానికే పరిమితం.

సాదృశ్య ప్రదేశం కూడా అంతే. అంగారకుడు ఉపమేయం, ఒక ఎడారి ఉపమానం. "ఈ ఎడారి అంగారకుడిలా ఉంటుంది" అని ఎవరైనా అంటే మనం వెంటనే అడగవలసిన ప్రశ్న, సమానధర్మం ఏమిటని. పొడితనమా? చలా? రాతి రసాయనమా? నేల ఎగుడుదిగుడులా? సమానధర్మం చెప్పని పోలికకు శాస్త్రంలో విలువ లేదు. అన్ని ధర్మాలూ కలిసే చోటు భూమి మీద ఎక్కడా లేదు. అంగారకుడి మీద గురుత్వాకర్షణ భూమి మీద ఉన్నదానిలో 38 శాతమే. ఈ ఒక్క తేడా చాలు, ఏ ఎడారీ దాన్ని ఇవ్వలేదు.

3. శంషాబాద్ నేలతో ఒక కసరత్తు

దూరప్రాంతాలకు పోయేముందు ఈ పద్ధతిని మనకు తెలిసిన నేల మీద ప్రయోగించి చూద్దాం. శంషాబాద్ చుట్టుపక్కల మీరు చూసేవి ఎర్ర చెలకలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్రాళ్లు, ఎత్తు సముద్రమట్టానికి సుమారు 600 మీటర్లు. ఇది అంగారకుడికి ఉపమానం అవుతుందా?

రంగు: అంగారకుడి ఎరుపూ చెలక ఎరుపూ ఇనుము తుప్పు వల్ల వచ్చినవే. అయితే మన నేల ఎర్రబడింది వేడిలో, వానల్లో. రంగు కలిసింది కదా అని చరిత్ర కలవదు.

ఆకారం: రోవర్ చక్రం రాయిని ఎక్కగలదా, పక్కకు ఒరిగితే ఏమవుతుంది అని చూడటానికి ఈ గుట్టలు పనికొస్తాయి. చక్రానికి రాయి ఎత్తు ముఖ్యం, దాని రసాయనం కాదు.

రసాయనం: ఇక్కడి రాయి సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైటు. అంగారకుడి ఉపరితలంలో చాలా భాగం, చంద్రుడి మీద నల్లగా కనిపించే మైదానాలు బసాల్టు. రాళ్లలోని మూలకాలను గుర్తించే పరికరాన్ని పరీక్షించాలంటే కాళ్లకింది గ్రానైటు కన్నా పడమరగా చేవెళ్ల, వికారాబాద్ వైపు నల్లరేగడి కింద ఉండే బసాల్టు మేలు. అది సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన దక్కన్ లావా.

జీవం: ఇక్కడ పోలిక తిరగబడుతుంది. చెలకలో ఒక్క గ్రాము మట్టిలో కోట్ల సంఖ్యలో సూక్ష్మజీవులు ఉంటాయి. జీవాన్ని వెతికే ఏ పరికరమైనా ఈ మట్టిలో "ఉంది" అనే చెబుతుంది. అందరూ ఉత్తీర్ణులయ్యే పరీక్ష పరీక్షే కాదు.

ఒకే నేల ఒక ప్రశ్నకు మంచి ఉపమానం, మరో ప్రశ్నకు పనికిరాని ఉపమానం. కాబట్టి ముందు ప్రశ్నను నిర్ణయించుకుని, తరువాత స్థలాన్ని వెతుక్కోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
అ) సమానధర్మం చెప్పకుండా ఒక ఎడారిని అంగారకుడితో పోల్చడం ఎందుకు సరిపోదు?
ఆ) జీవాన్వేషణ పరికరానికి శంషాబాద్ మట్టి ఎందుకు సరైన పరీక్ష కాదు?

4. అటకామా ఎడారి: "లేదు" అన్న మాటకు విలువ ఎంత?

1976లో అమెరికాకు చెందిన వైకింగ్ 1 జులై 20న, వైకింగ్ 2 సెప్టెంబరు 3న అంగారకుడి మీద దిగాయి. వాటిలో జీవక్రియలను వెతికే ప్రయోగాలతో పాటు, మట్టిని 500 డిగ్రీల దాకా వేడిచేసి, వచ్చిన ఆవిరిలో సేంద్రియ పదార్థాలు ఉన్నాయేమో చూసే పరికరం కూడా ఉంది. దాని పేరు గ్యాస్ క్రొమటోగ్రాఫ్–మాస్ స్పెక్ట్రోమీటర్. జీవక్రియ ప్రయోగాల్లో ఒకటి అనుకూలమనిపించే సంకేతం ఇచ్చింది. కాని ఈ పరికరం మాత్రం అంగారకుడి సేంద్రియ పదార్థం ఏమీ లేదంది. కొద్దిగా కనిపించిన క్లోరిన్ సమ్మేళనాలు, భూమి మీద పరికరాన్ని శుభ్రం చేసిన ద్రవాల అవశేషాలని భావించారు. సేంద్రియ పదార్థమే లేనప్పుడు జీవం ఎక్కడిది? చాలామంది ఆ ప్రశ్నను అంతటితో మూసేశారు.

చిలీ దేశంలోని అటకామా ఎడారి మధ్యభాగం భూమి మీద అత్యంత పొడి ప్రదేశాల్లో ఒకటి. అక్కడ ఏళ్ల తరబడి చెప్పుకోదగ్గ వాన పడదు. రఫాయెల్ నవారో-గొంజాలెస్, ఆయన సహచరులు అక్కడి మట్టిని పరిశీలించి 2003లో ఫలితాలు ప్రకటించారు. ఆ మట్టిలో సేంద్రియ పదార్థం అత్యల్పం, మామూలు పద్ధతులతో పెంచగల సూక్ష్మజీవులు దాదాపు లేవు. 2006లో ఇదే బృందం మరో ముఖ్య విషయం చూపింది. అటకామా, అంటార్కిటికా వంటి చోట్ల మట్టిలో సేంద్రియ పదార్థం కొద్దిగా ఉందని వేరే పద్ధతుల్లో తేలినప్పటికీ, వైకింగ్ తరహాలో వేడిచేసి చూసే పద్ధతికి అది కనిపించకపోవచ్చు.

కథ ఇక్కడితో ఆగలేదు. 2008లో ఫీనిక్స్ వ్యోమనౌక అంగారకుడి మట్టిలో పెర్క్లోరేట్ అనే లవణాలను కనుగొంది. ఇవి చల్లగా ఉన్నప్పుడు దాదాపు జడంగా ఉంటాయి. వేడిచేస్తే ఆక్సిజన్‌ను విడుదలచేసి పక్కనున్న సేంద్రియ పదార్థాన్ని కాల్చేస్తాయి. 2010లో నవారో-గొంజాలెస్ బృందం అటకామా మట్టికి పెర్క్లోరేట్ కలిపి వేడిచేసి చూసింది. వైకింగ్‌లో కనిపించిన తరహా క్లోరిన్ సమ్మేళనాలే వచ్చాయి. అంటే వెతుకుతున్న వస్తువును వెతికే పద్ధతే తగలబెట్టి ఉండవచ్చు. వైకింగ్ ఫలితాల మీద వాదన ఇంకా పూర్తిగా ముగియలేదు. కాని 2012లో దిగిన క్యూరియాసిటీ రోవర్ పాత సరస్సు అడుగున ఏర్పడిన రాతిలో సేంద్రియ అణువులను గుర్తించిందని 2018లో ప్రకటించారు. సేంద్రియ అణువు ఉందంటే జీవం ఉందని కాదు. "అసలేమీ లేదు" అన్న పాత మాట మాత్రం నిలవలేదు.

దీన్నుంచి ఒక సూత్రం రాసుకోండి. ఒక పరికరం "లేదు" అంటే దానికి రెండు అర్థాలున్నాయి. ఒకటి, వస్తువు నిజంగా లేదు. రెండు, ఉంది కాని ఈ పరికరానికి అందలేదు. ఈ రెండింటినీ వేరుచేయాలంటే, వస్తువు అతి తక్కువగా ఉందని మనకు ముందే తెలిసిన చోట పరికరాన్ని పరీక్షించాలి. అటకామా విలువ అదే.

5. అంటార్కిటికా: ఎక్కడ వెతకాలి, ఎవరు బాగుచేయాలి

అంటార్కిటికాలో మెక్‌మర్డో పొడి లోయలు ఉన్నాయి. మంచుఖండంలో ఉండికూడా వీటిలో చాలా మేర నేల మీద మంచు ఉండదు. చలి, పొడితనం రెండూ ఒకేచోట దొరుకుతాయి. 1970ల మొదట్లో కొందరు శాస్త్రజ్ఞులు ఇక్కడి కొన్ని మట్టి నమూనాల్లో జీవం జాడ దొరకలేదని చెప్పారు. వుల్ఫ్ విష్నియాక్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త దానితో ఏకీభవించలేదు. వైకింగ్ కోసం ఆయన రూపొందించిన "వుల్ఫ్ ట్రాప్" అనే పరికరంలో, పోషక ద్రవంలో మట్టి వేసినప్పుడు సూక్ష్మజీవులు పెరిగితే ద్రవం మసకబారుతుంది. ఖర్చు తగ్గించే క్రమంలో 1972లో ఆ పరికరాన్ని వైకింగ్ నుంచి తొలగించారు. ఆయన తన పనిని ఆపలేదు. 1973 డిసెంబరు 10న ఆస్గార్డ్ పర్వతాల్లో, నేలలో తాను అమర్చిన ప్రయోగాలను తిరిగి తెచ్చుకునే ప్రయత్నంలో జారిపడి మరణించారు.

ఆ యాత్రలో సేకరించిన రాళ్లు తరువాత ఇమ్రె ఫ్రీడ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడికి చేరాయి. ఆ ఇసుకరాళ్లను పగలగొట్టి చూస్తే ఉపరితలానికి కొద్ది మిల్లీమీటర్ల లోపల, రాతి రేణువుల మధ్య ఖాళీల్లో, సూక్ష్మజీవులు పచ్చని పొరగా కనిపించాయి. ఫ్రీడ్‌మన్, రోసెలి ఒకాంపో దీన్ని ప్రచురించింది 1976 సెప్టెంబరులో, అంటే వైకింగ్ 2 అంగారకుడి మట్టిని తవ్విన రోజుల్లోనే. రాతి లోపల చలిగాలి తగలదు, కాస్త తేమ నిలుస్తుంది, వెలుతురు కొద్దిగా చేరుతుంది. మట్టిని మాత్రమే గరిటెతో తీసే చేతికి ఆ జీవం ఎన్నటికీ దొరకదు. పరికరం సున్నితంగా ఉంటే సరిపోదు, దాన్ని సరైన చోట పెట్టాలన్న పాఠం అక్కడి నుంచి వచ్చింది.

అంటార్కిటికాతో మన ప్రాంతానికి నేరుగా ఒక సంబంధం ఉంది. శంషాబాద్ నుంచి బెంగళూరు రహదారి మీద దక్షిణంగా పోతే షాద్‌నగర్ వస్తుంది. అక్కడ జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారి ఉపగ్రహ భూకేంద్రం ఉంది. 2012లో ప్రారంభమైన మన భారతి స్థావరం, అంటార్కిటికాలోని లార్సెమన్ కొండల్లో ఉంది. 2013లో అక్కడ ఉపగ్రహ సమాచారాన్ని అందుకునే ఆంటెన్నా వ్యవస్థ నెలకొల్పి, అందిన సమాచారాన్ని షాద్‌నగర్‌కు పంపే ఏర్పాటు చేశారు. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహం రోజుకు సుమారు 14 సార్లు భూమిని చుట్టివస్తుంది. షాద్‌నగర్ మీదుగా పోయేది వాటిలో కొన్నిసార్లే. ధ్రువానికి దగ్గరగా ఉన్న భారతికి చాలాసార్లు కనిపిస్తుంది.

ఈ ఆంటెన్నా పరగ్రహ పరికరం కాదు. అయినా ఒక సమానధర్మం ఉంది, అది ఒంటరితనం. శీతకాలంలో అక్కడ కొద్దిమందే ఉంటారు. విడిభాగం కావాలంటే వేసవిలో వచ్చే ఓడ కోసం ఆగాలి. ఏది ముందుగా పాడవుతుంది, ఏ భాగానికి జోడు ఉంచుకోవాలి, దూరం నుంచి లోపాన్ని ఎలా కనిపెట్టాలి అన్నవి ఇలాంటి చోట నేర్చుకునే విద్యలు.

ఇంకో పోలిక చూడండి. భారతి స్థావరం భూమి మీద సుమారు 69.4 డిగ్రీల దక్షిణ అక్షాంశంలో ఉంది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన చోటు కూడా చంద్రుడి మీద సుమారు 69.4 డిగ్రీల దక్షిణ అక్షాంశమే. అక్షాంశం ఒకటే, మరి పరిస్థితులు? భూమి అక్షం 23.4 డిగ్రీలు వంగి ఉంది. అందువల్ల భారతిలో నడివేసవి మధ్యాహ్నం సూర్యుడు 44 డిగ్రీల ఎత్తున ఉంటాడు, నడిశీతకాలంలో దిగంతం దాటి పైకి రాడు. చంద్రుడి అక్షం వంపు 1.5 డిగ్రీలే. కాబట్టి అక్కడ మధ్యాహ్న సూర్యుడి ఎత్తు ఎప్పుడూ 20 డిగ్రీల అటూఇటూగానే ఉంటుంది. పైగా అక్కడ గాలి లేదు. సంఖ్య కలిసినంత మాత్రాన ధర్మం కలవదు.

6. హైదరాబాద్ ఆకాశం: "ఉంది" అన్న మాటకు విలువ ఎంత?

మొదటి పేరాలోని నెత్తి మీది చలికి ఇప్పుడు తిరిగి వద్దాం. అంగారకుడి ఉపరితలం మీద వాతావరణ పీడనం సగటున 6 మిల్లీబార్లు, భూమి మీద సముద్రమట్టం దగ్గర సుమారు 1013. భూమి మీద 6 మిల్లీబార్ల పీడనం కావాలంటే ఏ పర్వతమూ చాలదు, 35 కిలోమీటర్ల ఎత్తుకు పోవాలి. అక్కడ ఓజోన్ పొరలో చాలా భాగం కిందే ఉండిపోతుంది కాబట్టి అతినీలలోహిత కిరణాల తాకిడి కూడా ఎక్కువ. పీడనం, చలి, కిరణాలు అనే మూడు ధర్మాల్లో ఆ ఎత్తు అంగారకుడికి మంచి ఉపమానం.

అక్కడికి పరికరాలను చేర్చే వాహనం బెలూన్. టాటా మౌలిక పరిశోధన సంస్థ హైదరాబాద్‌లో నడిపే బెలూన్ కేంద్రం ఇందుకు పేరుపొందింది. 2005 ఏప్రిల్‌లో అక్కడి నుంచి ఇస్రో సహకారంతో ఒక ప్రయోగం జరిగింది. 2 కోట్ల 67 లక్షల ఘనపుటడుగుల బెలూన్ 459 కిలోల పరికరాలను మోసుకుపోయింది. ముఖ్య పరికరంలో గాలి తీసేసి సూక్ష్మజీవిరహితం చేసిన 16 ఉక్కు గొట్టాలు ఉన్నాయి. వాటిని ద్రవ నియాన్‌లో ముంచి ఉంచారు. ద్రవ నియాన్ మైనస్ 246 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆ చలికి గొట్టంలోకి వచ్చిన గాలి లోపలి గోడకు గడ్డకట్టుకుంటుంది, ఖాళీ అయిన చోటికి మరింత గాలి వస్తుంది. పలుచని గాలిని ఇలా ఎక్కువ మొత్తంలో పోగుచేయవచ్చు. 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య వేర్వేరు ఎత్తుల్లో నమూనాలు తీసి, పారాచూట్‌తో కిందికి దించారు.

నమూనాలను హైదరాబాద్‌లోని సీసీఎంబీలోనూ, పుణేలోని జాతీయ కణశాస్త్ర కేంద్రంలోనూ విడివిడిగా, ఒకే పద్ధతిలో పరీక్షించారు. 12 బాక్టీరియా, 6 శిలీంధ్ర సమూహాలు కనిపించాయి. వాటిలో మూడు బాక్టీరియా అప్పటికి తెలియని జాతులని 2009లో ప్రకటించి, వాటికి హోయల్, ఇస్రో, ఆర్యభట పేర్లు పెట్టారు. ఈ మూడూ తమ దగ్గరి బంధువుల కన్నా అతినీలలోహిత కిరణాలను ఎక్కువగా తట్టుకున్నాయి.

ఇక్కడ పరికరం "ఉంది" అంది. దీన్ని ఎలా చదవాలి? మూడు అవకాశాలు ఉన్నాయి. ఆ జీవులు నేల నుంచే గాలితో పైకి చేరి ఉండవచ్చు. బెలూన్‌కో పరికరానికో అంటుకుని పోయి ఉండవచ్చు. లేదా అంతరిక్షం నుంచి వచ్చి ఉండవచ్చు. రెండో అవకాశాన్ని తగ్గించడానికే గొట్టాలను శుద్ధిచేయడం, రెండు ప్రయోగశాలల్లో చూడటం. మొదటి, మూడో అవకాశాల మధ్య ఈ ప్రయోగం తీర్పు చెప్పలేదు. జీవులు భూమికి వెలుపలివని నిర్ధారణ కాలేదని ఇస్రో ప్రకటనలోనే స్పష్టంగా ఉంది. తరువాతి కాలంలో ఆర్యభట పేరున్న బాక్టీరియా నేలలో, మొక్కల వేళ్ల దగ్గర కూడా కనిపించింది. ఆకాశంలో మొదట దొరికిందంటే ఆకాశంలో పుట్టిందని అర్థం కాదు.

రేపు అంగారకుడి మట్టిలో ఒక సూక్ష్మజీవి కనిపించినా మొదటి ప్రశ్న ఇదే: మనతో తీసుకుపోయామా, అక్కడే ఉందా? ఆ ప్రశ్నకు సమాధానం చెప్పే క్రమశిక్షణను అలవాటు చేసుకోవడానికి హైదరాబాద్ ఆకాశం ఒక పాఠశాల అయింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
అ) పెర్క్లోరేట్ లవణాలు వైకింగ్ ఫలితాన్ని ఎలా ప్రభావితం చేసి ఉండవచ్చు?
ఆ) బెలూన్ నమూనాలను రెండు ప్రయోగశాలల్లో ఎందుకు పరీక్షించారు?

7. గది, మైదానం, అసలు స్థలం

గాలిని తోడేసి, ఉష్ణోగ్రతను ఇష్టం వచ్చినట్టు మార్చగల పరీక్ష గదులు ఉన్నప్పుడు మైదానానికి ఎందుకు పోవాలన్న ప్రశ్న మీకు రావచ్చు. గదిలో మనం ఊహించిన కష్టాలే ఉంటాయి, ఎందుకంటే వాటిని పెట్టేది మనమే. మైదానంలో మనం ఊహించనివి ఎదురవుతాయి. అందుకే రెండూ కావాలి.

చంద్రయాన్ సన్నాహాలు దీనికి మంచి ఉదాహరణ. చంద్రుడి మెట్టప్రాంతాల్లో ఎక్కువగా ఉండే అనార్థొసైట్ రాయి తమిళనాడులోని నామక్కల్ జిల్లాలో సీతంపూండి పరిసరాల్లో దొరుకుతుంది. దాన్ని పొడిచేసి ఇస్రో చంద్రమృత్తికకు బదులుగా వాడింది. ఇక్కడ సమానధర్మం రాతి రసాయనం, రేణువుల పరిమాణం. చంద్రయాన్-3 ల్యాండర్ సెన్సార్లను హెలికాప్టర్‌కు అమర్చి ఎగురవేసి చూశారు. ఇంజన్లతో సహా చేసిన పరీక్షకు ఎత్తైన క్రేన్ వాడారు. ల్యాండర్ కాళ్లను కృత్రిమ చంద్రమృత్తిక మీద దించి చూశారు. ఏ ఒక్క పరీక్షా చంద్రుడంతటిది కాదు. ఒక్కొక్కటీ ఒక్కొక్క ధర్మాన్ని పట్టుకుంది.

అయినా అసలు స్థలం తన మాట తాను చెబుతుంది. విక్రమ్ ల్యాండర్‌లోని చేస్ట్ పరికరం పది సెన్సార్లున్న పది సెంటీమీటర్ల కడ్డీతో చంద్రుడి నేల ఉష్ణోగ్రతను కొలిచింది. కె. దుర్గాప్రసాద్, ఆయన సహచరులు 2025లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, సూర్యుడి వైపు 6 డిగ్రీలు వాలిన నేల మీద పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 82 డిగ్రీల సెల్సియస్. ఒక మీటరు దూరంలో, చదునైన చోట 59 డిగ్రీలే. గాలి లేనిచోట చిన్న వాలు ఇంత తేడా తెస్తుంది. తరువాతి పరికరాల పరీక్షలో వాలు అనే ధర్మాన్ని కూడా చేర్చుకోవాలని ఆ కొలత మనకు నేర్పింది.

8. సారాంశం

సాదృశ్య ప్రదేశం ఒక ఉపమానం. దాని విలువ సమానధర్మం మీద ఆధారపడుతుంది, కాబట్టి ప్రశ్నను బట్టి స్థలాన్ని ఎంచుకోవాలి. అటకామా "లేదు" అన్న మాటను పరీక్షించడం నేర్పింది. అంటార్కిటికా పొడి లోయలు ఎక్కడ వెతకాలో నేర్పాయి. హైదరాబాద్ బెలూన్ ప్రయోగం "ఉంది" అన్న మాటకు ఎన్ని అర్థాలుంటాయో చూపింది. పరీక్ష గది, మైదానం ఒకదానికొకటి తోడు, ఏదీ రెండోదానికి బదులు కాదు.

నమూనా పరీక్ష ప్రశ్నలు

1. "అన్ని ధర్మాల్లోనూ అంగారకుడిని పోలిన చోటు భూమి మీద లేదు." ఉదాహరణలతో చర్చించండి.
2. వైకింగ్ ఫలితాలను అటకామా పరిశోధనలు ఎలా పునఃపరిశీలింపజేశాయి?
3. 2005 బెలూన్ ప్రయోగంలో నమూనాల శుద్ధతకు తీసుకున్న జాగ్రత్తలను వివరించి, వాటితో ఏది తేలిందో, ఏది తేలలేదో రాయండి.
4. అభ్యాసం: మీ ఊరి చెరువుగట్టు, క్వారీ, ఇసుకమేట, గుట్ట వీటిలో ఒకదాన్ని ఎంచుకోండి. అది చంద్రుడికో అంగారకుడికో ఏ ధర్మంలో ఉపమానం అవుతుందో, ఏ ధర్మాల్లో కాదో ఒక పట్టిక రూపొందించండి. అక్కడ ఏ పరికరాన్ని పరీక్షించవచ్చో, ఏ పరికరాన్ని పరీక్షించకూడదో కారణాలతో ఒక పేజీ మించకుండా రాసి, మీ సంపర్క తరగతికి తీసుకురండి.